అమ్మానాన్నలతో కలిసి ఏం చూడాలి? హీరో పేరు వదిలేయండి, మాటలు ఎవరు రాశారో చూడండి

మీరు అడిగింది ముందు ఒక్కసారి చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీకు ఇరవయ్యారేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇన్నాళ్లూ కొరియన్, ఇంగ్లిష్ సిరీస్‌లే ఎక్కువ చూశారు. అమ్మానాన్నలు వచ్చి నెల రోజులు మీ దగ్గర ఉంటారు. రాత్రి అన్నాలయ్యాక అందరూ కూర్చుని చూసేవి కావాలి. ‘క్లాసిక్’ అని ఎవరో చెప్పిన పాత సినిమా పెడితే పది నిమిషాలకే మీ చెయ్యి ఫోను మీదకి పోతోంది, మీ సిరీస్ పెడితే నాన్నగారు ఆవులించి లేచిపోతున్నారు. రేటింగులు నమ్మొచ్చా, నచ్చకపోతే సగంలో ఆపేయొచ్చా అని కూడా అడిగారు.

నేను విమర్శకుణ్ణి కాదండి, సినిమా వాళ్లతో పరిచయాలూ లేవు. కాకినాడలో ఎనభైల చివర్లో వీడియో క్యాసెట్ల షాపు పెట్టి, సీడీలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేసేదాకా నడిపాను. పెళ్లిళ్లకీ జాతరలకీ కలర్ టీవీ, వీసీపీ (క్యాసెట్లు ఆడించే పెట్టె), మూడు క్యాసెట్లు కలిపి అద్దెకిచ్చేవాణ్ణి. షాపుకొచ్చిన ప్రతివాడూ అడిగేది ఒక్కటే, “గురువుగారూ, మంచి బొమ్మ ఏదైనా ఉంటే ఇవ్వండి”. కాబట్టి ఎవరికి ఏది ఇస్తే తిట్టుకోకుండా తిరిగి తెచ్చిస్తారో కనిపెట్టడం నా బతుకుతెరువు.

ఆ రోజుల్లో రేటింగులు లేవు గానీ నాకంటూ ఒక రేటింగు ఉండేది. జనం వెనక్కి తిప్పి తిప్పి చూసిన చోట టేపు అరిగిపోతుంది. ఆ చోటు రాగానే బొమ్మ మీద తెల్లగీతలు పడతాయి, అడుగున మెలికలు తిరుగుతుంది. తిరిగొచ్చిన క్యాసెట్టు వేసి చూసుకునేటప్పుడు గీతలు ఎక్కడ ఉన్నాయో చూస్తే చాలు, ఊరికి ఏది నచ్చిందో తెలిసిపోయేది. కొన్ని పాటల దగ్గర ఉండేవి, అవి ఎలాంటి పాటలో నేను చెప్పక్కర్లేదు. ఫైట్ల దగ్గర మాత్రం పెద్దగా కనిపించేవి కావు. ‘అహ నా పెళ్ళంట’ (1987) క్యాసెట్టు చూస్తే కోట శ్రీనివాసరావు ఇంట్లో జరిగే సీన్లన్నీ గీతలే. పిసినారి లక్ష్మీపతి కోడిని తాడుతో పైకి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం లాగించే సీను ఉంది చూడండి, అక్కడ సగం బొమ్మ కనపడేదే కాదు. అయినా ఆ క్యాసెట్టు అద్దెకి పోతూనే ఉండేది. ఎందుకంటే వీహెచ్ఎస్ టేపులో మాట అంచున వేరే గీత మీద రికార్డవుతుంది, బొమ్మ అరిగినంత తొందరగా అది అరగదు. బొమ్మ పోయినా మాట వినపడేది, జనానికి అది చాలు.

మీకు చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఇంట్లో నలుగురు కూర్చుని చూసేటప్పుడు సినిమాని నిలబెట్టేది మాటలు. థియేటర్లో చీకటి ఉంటుంది, పెద్ద తెర ఉంటుంది, సౌండు ఛాతీకి కొడుతుంది, డబ్బులు పెట్టి కొన్న టికెట్టు ఉంటుంది, లేచిపోలేం. ఇంట్లో అవేవీ లేవు. మధ్యలో కుక్కర్ కూస్తుంది, పక్కింటావిడ వస్తుంది, ఎవరో మంచినీళ్లకి లేస్తారు. అలాంటి చోట కన్ను తెర మీద నుంచి పక్కకి పోయినా చెవి అక్కడే ఉండాలి. అందుకే బాహుబలి లాంటివాటిని నేను ఇంట్లో చూడమని ఎవరికీ చెప్పను. అవి చెడ్డవని కాదు, ఆ యుద్ధాలూ ఆ జలపాతాలూ హాలు కోసం తీసినవి, మన ముందుగదిలో టీవీకి పట్టవు. కాబట్టి హీరో ఎవరు, ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని రోజులాడింది, అన్నీ పక్కన పెట్టి టైటిల్స్‌లో ‘మాటలు’ అని పడే చోట ఎవరి పేరుందో చూడండి. నచ్చిన సినిమా ఒకటి దొరికితే ఆ రచయిత రాసినవి వెతుక్కుంటూ పోండి. హీరో వెంట పడితే పదిలో మూడు దొరుకుతాయి, రచయిత వెంట పడితే ఆరేడు దొరుకుతాయి. ఇది లెక్కేసి చెప్పింది కాదు, కౌంటరు వెనక కూర్చున్న అనుభవం.

ఒక్క జంధ్యాలగారినే తీసుకోండి. ఆయన కామెడీ డైరెక్టర్ అనే అందరికీ గుర్తు. కానీ ఎన్టీఆర్ ‘అడవి రాముడు’ (1977), ‘వేటగాడు’ (1979) మాటలు ఆయనవే. వేటగాడులో రావు గోపాలరావు ప్రాసలతో దంచేస్తుంటే నేల క్లాసు ఊగిపోయింది. ఆ తర్వాతి ఏడాదే శంకరాభరణం (1980), దానికీ మాటలు ఆయనే. శంకరశాస్త్రి నోట ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క మాట తక్కువుండదు. ఆపైన ‘ఆదిత్య 369’ (1991), టైమ్ మెషీన్ ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లే కథ, దానికీ ఆయనే. మాస్ బొమ్మ, సంగీతం బొమ్మ, సైన్స్ బొమ్మ, ఇంటిల్లిపాదీ నవ్వుకునే బొమ్మ, నాలుగూ ఒకే కలం. హీరోల లెక్కన వెతికితే ఈ నాలుగూ ఒక చోట చేరవు కదా?

ఇక మీ సమస్య. పాత సినిమా అనగానే అందరూ మీకు మాయాబజార్ చెప్పి ఉంటారు. మీ నాన్నగారికి అరవై లోపే ఉంటాయనుకుంటున్నాను. మాయాబజార్ వచ్చింది 1957లో, అప్పటికి ఆయన పుట్టనే లేదు. అది మీ తాతగారి సినిమా. నాన్నగారి కాలేజీ రోజులంటే ఎనభైలు. ఆయనకి ఒళ్లు పులకరించేది ఆ కాలం బొమ్మలకి, అంటే జంధ్యాల, వంశీ, విశ్వనాథ్ లాంటి డైరెక్టర్లు తీసినవి, ఆఖర్న ‘శివ’. పెద్దవాళ్లందరినీ కట్టగట్టి ‘బ్లాక్ అండ్ వైట్ బ్యాచ్’లో వేసేస్తారు ఈ కాలం పిల్లలు, అక్కడే తేడా కొడుతోంది.

మొదటి రాత్రికి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) పెట్టండి. పొత్తూరి విజయలక్ష్మిగారి నవల దానికి ఆధారం. సరదాకి ఒక అమ్మాయి ఊరూ పేరూ తెలియని శ్రీవారికి ఉత్తరం రాస్తుంది, అది ఒకబ్బాయి చేతిలో పడుతుంది, వాడు ఆ అమ్మాయిని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఇప్పటి మీ కొరియన్ ప్రేమకథలకి ఇది ఏమాత్రం తీసిపోని పాయింటు. అందులో శ్రీలక్ష్మి పాత్రకి సినిమా పిచ్చి. చూసొచ్చిన సినిమాని మొగుడికి చెప్పడం మొదలెడితే కథ దగ్గర్నుంచి కాదు, తెర మీద పేర్లు పడటం దగ్గర్నుంచి, వెనక మ్యూజిక్‌తో సహా చెబుతుంది. ఆయన మొహం చూడాలి! ఇవాళ ఇంటర్నెట్‌లో సీను సీనూ పూస గుచ్చినట్టు చెప్పేసే రివ్యూలు చూస్తుంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది, ఎక్కడ స్పాయిలర్ అని ఉండదు, ఏదీ వదలరు. ఈ సీను దగ్గర మీ అమ్మగారు నవ్వకపోతే నన్నడగండి.

అది నచ్చితే ‘చంటబ్బాయ్’ (1986). మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల, చిరంజీవి డిటెక్టివ్. కథ మధ్యలో కాస్త నత్తనడక నడుస్తుంది, అది నిజమే. కానీ అందులోనూ శ్రీలక్ష్మి కవయిత్రిగా వచ్చి పత్రికాఫీసులో ఎడిటర్ ప్రాణం తోడేస్తుంటుంది, దాని కోసమైనా చూడాలి. డ్యాన్సులూ ఫైట్లూ వచ్చిన చిరంజీవిని మాత్రమే చూసినవాళ్లకి ఆయన కామెడీ టైమింగు ఇక్కడ కొత్తగా ఉంటుంది.

వంశీ విషయం కొంచెం జాగ్రత్త. ‘లేడీస్ టైలర్’ (1986) మాటలు తనికెళ్ళ భరణిగారివి, ఆ గోదారి యాస, ఆ వెటకారం నాకు ప్రాణం. అయితే కథ ఏమిటంటే తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి దొరికితే అదృష్టం పడుతుందని ఒక టైలరు వెతకడం. నాన్నగారు కాలేజీలో ఉన్నప్పుడు స్నేహితులతో చూసి విరగబడి నవ్వుంటారు, అదే బొమ్మ కూతురో కొడుకో పక్కన కూర్చుంటే పేపరు అడ్డం పెట్టుకుంటారు. అందుకని ‘ఏప్రిల్ 1 విడుదల’ (1991) మేలు. అబద్ధాలతో బతికే రాజేంద్రప్రసాద్ పాత్ర ఏప్రిల్ ఒకటి దాకా నిజమే చెప్పాలన్న పందెంలో ఇరుక్కుంటుంది, నిజం చెప్పేకొద్దీ ఊళ్లో ఒక్కొక్కరి కాపురం గోల పడుతుంది. చూస్తున్నంతసేపూ టెన్షనూ నవ్వూ కలిసే ఉంటాయి.

‘శివ’ (1989) గురించి మీకు చెప్పక్కర్లేదు, సైకిల్ చైను అందరికీ తెలుసు. నేను చెప్పేది ఇంకోటి. దానికి మాటలు కూడా భరణిగారే, అందులో నానాజీ వేషం వేసింది కూడా ఆయనే. లేడీస్ టైలర్‌లో అంత వాగుడు రాసిన మనిషి శివలో మాటల్ని పొట్టిగా కత్తిరించి పారేశారు. ఎక్కడ మాట్లాడాలో తెలిసినవాడికే ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుస్తుంది. మీ సిరీస్ అలవాటుకి శివ ఎక్కడా ల్యాగ్ అనిపించదు. నాన్నగారికి ఆ రోజుల కాలేజీ ఎన్నికలూ గొడవలూ కదుల్తాయి, ఆ రాత్రి సినిమా అయిపోయినా ఆయన మాటలు అవ్వవు చూడండి.

బాపు, ముళ్లపూడి వెంకటరమణగార్ల ‘ముత్యాల ముగ్గు’ (1975) అమ్మగారి కోసం. ఉత్తర రామాయణాన్ని తెచ్చి మన ఊళ్లో మన ఇంట్లో పెట్టారు. రావు గోపాలరావు కంట్రాక్టరు, పొద్దున్నే లేచి సూర్యోదయాన్ని చూస్తూ ఘోరాలు మాట్లాడే మనిషి. ‘కలాపోసన’ అనే మాట ఇవాళ్టికీ మీమ్స్‌లో తిరుగుతోంది, అది పుట్టింది ఇక్కడే. దానికి ఇషాన్ ఆర్యకి ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు వచ్చింది, అంటే బొమ్మ కూడా బాగుంటుందన్నమాట, మాటలే కాదు. అయినా ఫస్టాఫ్‌లో ఒక పావుగంట ఓపిక పట్టాలి, కంట్రాక్టరు వచ్చేదాకా.

విశ్వనాథ్‌గారి సినిమాల్లో అందరూ శంకరాభరణంతో మొదలెట్టమంటారు. నాకైతే ‘సాగర సంగమం’ (1983) ముందు. శంకరాభరణంలో సంగీతం మీద ఎంతో కొంత ఇష్టం ఉండాలి, సాగర సంగమానికి ఏమీ అక్కర్లేదు, ప్రతిభ ఉండీ జీవితంలో ఎక్కడికీ చేరని మనిషిని మీరు ఎక్కడో చూసి ఉంటే చాలు. ఒక్క కండిషను, వీటిలో పాటలు స్కిప్ చెయ్యకూడదు, కథ పాటల్లోనే నడుస్తుంది. మిగతా తొంభైల కమర్షియల్ బొమ్మల్లో హీరోహీరోయిన్లు ఉన్నట్టుండి స్విట్జర్లాండ్ వెళ్లిపోతే మీరు నిశ్చింతగా ముందుకి తోసెయ్యండి, పాపం తగలదు.

ఇక బ్లాక్ అండ్ వైట్. మీకు బోరు కొడుతోందంటే తప్పు మీది కాదు, ఎక్కడ మొదలుపెట్టారన్నదే తేడా. మీరు ‘మిస్సమ్మ’ (1955) తో మొదలెట్టండి. ఇద్దరు నిరుద్యోగులు, ఒక స్కూల్లో భార్యాభర్తలైన టీచర్లే కావాలని ప్రకటన, ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని నటించి చేరిపోతారు. ఆమె క్రిస్టియను, ఆయన హిందువు, ఆమెకి ముక్కు మీద కోపం. ఇదే కథ ఇవాళ ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌గా తీస్తే మీరు ఒక్క రాత్రిలో అవగొట్టేస్తారు. చక్రపాణిగారి మాటల్లో ఉపన్యాసం ఎక్కడా ఉండదు, డెబ్బై ఏళ్లు దాటినా ఎబ్బెట్టుగా అనిపించే వాక్యం దొరకడం కష్టం. ఆ పాత్రకి ముందు అనుకున్నది భానుమతిగారిని, ఆమె తప్పుకుంటే సావిత్రి వచ్చింది. భానుమతి చేసుంటే ఎలా ఉండేదో అని మా షాపులో సాయంత్రాలు గంటలకొద్దీ వాదించుకునేవాళ్లం.

తర్వాత ‘గుండమ్మ కథ’ (1962), మాటలు డి.వి. నరసరాజుగారివి. నిక్కరు వేసుకుని పనివాడిగా వచ్చిన ఎన్టీఆర్ రుబ్బురోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బుతూ పాడతాడు. అంత పెద్ద హీరో చేత పిండి రుబ్బించారు, ఇవాళ హీరో నడిచొస్తుంటే కూడా నేల బద్దలై దుమ్ము లేవాలి! సూర్యకాంతం గయ్యాళితనం గురించి అందరూ చెబుతారు గానీ జాగ్రత్తగా చూడండి, గుండమ్మ చెడ్డది కాదు, భయస్థురాలు. ఎవరేం చెబితే అది నమ్మేస్తుంది. ఆ తేడా తెలిసేలా రాశారు కాబట్టే ఆఖర్న ఆవిడ మీద జాలేస్తుంది.

ఈ రెండూ అయ్యాక, అప్పుడు మాయాబజార్. మూడు గంటల పైమాటే, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి, మధ్యలో టీ బ్రేకు తీసుకోండి, దానికి ఇంటర్వెల్ ఎలాగూ ఉంది. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులే కనిపించరు, గమనించారా? 2010లో రంగులద్ది వదిలారు, ఇష్టమైతే అదీ చూడండి. నా ఓటు మాత్రం నలుపు తెలుపుకే, కెమెరామన్ మార్కస్ బార్ట్లీ ఆ వెన్నెలని వెలుగునీడల్లోనే ఊహించి తీశాడు, రంగులేస్తే వెన్నెల కాస్తా బల్బు వెలుగులా ఉంటుంది. పింగళి నాగేంద్రరావుగారి మాటలు పిల్లాడికీ అర్థమవుతాయి, పండితుడికీ ముచ్చటేస్తాయి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక సావిత్రి మగవాడిలా నడవడం, కూర్చోవడం, ఉన్నట్టుండి గుర్తొచ్చి ఆడపిల్లలా సర్దుకోవడం, పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కడం, ఆ పావుగంటలో మీ చెయ్యి ఫోను మీదకి పోతే నేను ఇంకెప్పుడూ ఎవరికీ సలహాలివ్వను.

మీ కాలానికి దగ్గరగా వద్దాం. త్రివిక్రమ్ మాటలు రాసిన ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) మీ ఇంట్లో అందరూ ఇప్పటికే చూసుంటారు, అయినా మళ్లీ చూస్తారు, భోజనాల బల్ల దగ్గర వెంకటేష్ ప్రార్థన వచ్చేసరికి ఎవరు ఏ పనిలో ఉన్నా వచ్చి నిలబడతారు. తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’ (2016)కి మాటలకే జాతీయ అవార్డు వచ్చింది. హైదరాబాద్ కుర్రాళ్లు నిజంగా ఎలా మాట్లాడుకుంటారో అలాగే ఉంటుంది, మీరు ఆ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఇంకా బాగా తగులుతుంది. ‘బలగం’ (2023) రాసి తీసిన వేణు అంతకుముందు మనందరికీ కమెడియన్‌గానే తెలుసు. తాత చచ్చిపోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, అంతే కథ. తెలంగాణలో ఊళ్లకి ఊళ్లు తెరకట్టి బయట కూర్చుని చూశాయి. అయితే ఒక మాట, మీ నాన్నగారికి అన్నదమ్ములతోనో అక్కచెల్లెళ్లతోనో మాటలు లేకపోతే మొదటి వారంలోనే అది పెట్టకండి, కొన్ని రోజులు గడిచాక పెట్టండి. ఆయన అర్ధరాత్రి ఎవరికో ఫోన్ చేస్తానంటే ఆపకండి.

రేటింగుల సంగతి. రెండు పాయింట్ల డెబ్బై అయిదు, మూడు పాయింట్ల ఇరవై అయిదు అని ఇస్తారు చూడండి, ఆ పావు మార్కు దేనికో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అమెరికాలో ముందురోజే ప్రీమియర్లు పడతాయి, మనం నిద్ర లేచేసరికి టాక్ వచ్చేస్తుంది, సాయంత్రానికి అభిమానులు కొట్టుకుంటారు. ఇదంతా శుక్రవారం టికెట్టు కొనేవాడికి పనికొస్తుందేమో, ఇంట్లో కూర్చుని చూసే మీకు ఎందుకు? ‘ఆరెంజ్’, ‘ఖలేజా’ రెండూ 2010లోనే వచ్చాయి, రెండూ హాళ్లలో పోయాయి. తర్వాత టీవీలో జనం మళ్లీ మళ్లీ చూశారు, రీరిలీజ్ చేస్తే కుర్రాళ్లు హాళ్లలో పాటలకి గొంతు కలిపి పాడారు. ఖలేజా హాల్లో చూసినప్పుడు జనం ఒక పెద్ద మాస్ బొమ్మ ఆశించి వెళ్లారు, అది దొరకలేదు. ఇంట్లో ఆశలేమీ లేవు, మాటలు మాత్రమే వినపడ్డాయి, నవ్వుకున్నారు. కాబట్టి హిట్టూ ఫ్లాపూ పట్టించుకోకండి. రివ్యూ చదవాలనిపిస్తే మార్కులు వదిలేసి, రాసినవాడు ఏ సీను గురించి ఎక్కువ రాశాడో చూడండి. తిడుతూ అయినా సరే ఒక సీను దగ్గర ఆగి నాలుగు వాక్యాలు రాశాడంటే అందులో ఏదో ఉంది.

సిరీస్‌లకి వస్తే, నాన్నగారికి సిరీస్‌లు అలవాటు లేవని మీరు అనుకుంటున్నారు. ఆయన తరం వారపత్రికల్లో సీరియల్స్ చదివి పెరిగింది. యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో వచ్చేటప్పుడు వారం చివర్లో కథ ఎక్కడో కొండ అంచున ఆపేసేవారు, మళ్లీ గురువారమో శుక్రవారమో వచ్చేదాకా బస్టాండు పుస్తకాల షాపు చుట్టూ తిరిగేవాళ్లం. అంటే ఎపిసోడ్ చివర గుండె ఆగేలా చెయ్యడం కొత్తేమీ కాదు ఆయనకి. ఆయన లేచిపోతున్నది సిరీస్ అయినందుకు కాదు, సబ్‌టైటిల్స్ చదువుతూ బొమ్మ చూడటం అలవాటు లేక, ఇంకోటి, పిల్లల పక్కన కూర్చుని చూడలేనివి మధ్యలో ఎక్కడ ఊడిపడతాయో అన్న భయంతో. ‘రానా నాయుడు’ వచ్చినప్పుడు వెంకటేష్ ఉన్నాడు కదా అని ఎన్ని ఇళ్లలో అందరూ కలిసి కూర్చున్నారో, ఎంత తొందరగా రిమోట్ వెతుక్కున్నారో మీకూ తెలిసే ఉంటుంది.

అందుకని మొదట ‘90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ (2024). ఆరే ఎపిసోడ్లు, శివాజీ లెక్కల మాస్టారు, డబ్బు దగ్గర ఖచ్చితం. మీ నాన్నగారు అందులో తనని చూసుకుని నవ్వుతారు, మీరు కూడా ఆయన్నే చూస్తారు, ఇద్దరూ ఆ మాట పైకి అనరు. తర్వాత ‘అమృతం’. 2001లో జెమినీలో మొదలై ఏళ్ల తరబడి ఆదివారం రాత్రులు ఊళ్లు ఖాళీ చేయించింది. గుణ్ణం గంగరాజుగారి నిర్మాణం, గుండు హనుమంతరావు ఆంజనేయులు. దీని గొప్పేమిటంటే ఏ ఎపిసోడ్ ఆ ఎపిసోడే, ముందుది చూడక్కర్లేదు, సినిమా చూసే ఓపిక లేని రాత్రి ఒకటి వేసుకుని పడుకోవచ్చు. అమృతరావు వేషం వేసే నటులు మధ్యలో మారిపోయారు, జనం పట్టించుకోలేదు. రాత బాగుంటే మొహం మారినా బండి నడుస్తుందని ఇంతకన్నా రుజువేం కావాలి?

హిందీ అర్థమవుతుందంటే ‘పంచాయత్’, ‘గుల్లక్’ రెండూ అమ్మానాన్నలతో హాయిగా చూడొచ్చు. పంచాయత్‌ని తెలుగులో ‘సివరపల్లి’ (2025)గా తీశారు, తెలంగాణ పల్లె వాతావరణం బాగా కుదిరింది, మొదట తెలుగుదే చూడండి, హిందీది ముందు చూస్తే పోలికలతోనే సరిపోతుంది. హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం మీద తీసిన ‘స్కామ్ 1992’ నాన్నగారికి, ఆ రోజుల్లో షేర్లలో డబ్బు పెట్టినవాళ్లు మా వీధిలోనే ఉండేవారు, ఆయనకీ ఇద్దరు ముగ్గురు గుర్తొస్తారు. అప్పటి సోవియట్ యూనియన్‌లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో జరిగిన అణు ప్రమాదం మీద వచ్చిన ‘చెర్నోబిల్’ (2019) అయిదే ఎపిసోడ్లు, కానీ అది మీరు ఒంటరిగా చూసుకోండి, అన్నాలయ్యాక చూసేది కాదు.

సగంలో ఆపేయొచ్చా అంటే, నిస్సంకోచంగా ఆపేయండి. సిరీస్‌కి నా లెక్క రెండు ఎపిసోడ్లు. రెండోది అయ్యేసరికి ‘తర్వాత ఏమవుతుంది’ అనిపించడం కాదు ముఖ్యం, ఆ మాత్రం ఆత్రుత ఎవడైనా పుట్టిస్తాడు. ఆ మనుషుల్ని ఇంకో గంట భరించాలని ఉందా లేదా చూసుకోండి. లేకపోతే వదిలెయ్యండి. ఇప్పుడొచ్చే సిరీస్‌లలో చాలావాటికి రెండు గంటల సినిమాకి సరిపడే కథే ఉంటుంది, దాన్ని సాగదీసి ఎనిమిది ముక్కలు చేస్తారు. మూడు నాలుగు ఎపిసోడ్లలో ఎవరో కారు నడుపుతూ ఆలోచిస్తూనే ఉంటారు. సినిమాకైతే ఇంటర్వెల్ దాకా చూడండి. తెలుగు సినిమాకి అసలు కథ మొదలయ్యేదే ఇంటర్వెల్ ముందు, అంతకుముందు లేస్తే రచయితకి అన్యాయం చేసినట్టే.

అమ్మగారి డైలీ సీరియల్ని మాత్రం ఎగతాళి చెయ్యకండి, ఇది నా సొంత అభిప్రాయం, చాలామంది ఒప్పుకోరు. ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించడం, నిన్న జరిగింది ఇవాళ మళ్లీ నోటితో చెప్పించడం తెలివితక్కువతనం కాదు. చూసేవాళ్లు వంటింట్లో పోపు వేస్తూ వింటారని తెలిసి రాస్తారు. అది కళ్లతో చూసేది కాదు, చెవితో చూసేది. ఆ అరగంట రిమోట్ ఆవిడకి ఇచ్చేసి, మీ సినిమా తర్వాత మొదలెట్టండి, ఆవిడా హాయిగా వచ్చి కూర్చుంటారు.

చివరగా ఒక పని విషయం. పాత సినిమాలు యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఒకే సినిమా నాలుగైదు చోట్ల కనిపిస్తుంది, మొదట కనిపించింది నొక్కేయకండి. నిడివి చూడండి. ఒక చోట రెండు గంటల ఇరవై నిమిషాలుంటే ఇంకో చోట గంటా యాభై ఉంటుంది. పాటలో, కామెడీ ట్రాకో లేపేసి ఉంటారు, జంధ్యాల సినిమాలో కామెడీ లేపేస్తే ఇంకేముంటుంది చూడ్డానికి? ఎక్కువ నిడివి ఉన్నదే పెట్టండి, మొదటి పది నిమిషాలు మధ్యాహ్నమే వేసి మాట శుభ్రంగా వినపడుతోందో లేదో చూసుకోండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకోవచ్చు గానీ మాట గరగరలాడుతుంటే వేరే ప్రింటు వెతకండి. శ్రీవారికి ప్రేమలేఖ అయ్యాక నాన్నగారు ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి తర్వాతి వారానికి ఇంకో నాలుగు చెబుతాను.